2024-25 జమా ఖర్చులు: వచ్చిన పైసలు, పెట్టిన పైసలు, మిగిలిపోయిన పనులు

సభ్యులకు, చందాలిచ్చిన చుట్టుపక్కల కాలనీల వారికి,

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మన సేవా సంఘం లెక్కల ఆడిట్ పూర్తయింది. ఆడిట్ రిపోర్టులో మొత్తాలే ఉంటాయి, ఏ పైసా ఎందుకు కదిలిందో, ఎందుకు కదలలేదో ఉండదు. అది చెప్పడానికే ఈ వివరణ.

జమ (రూపాయల్లో)
తొలి నిల్వ, బ్యాంకులో 38,460, చేతిలో 1,240: 39,700
సభ్యత్వ చందా, 71 × 1,200: 85,200
కిందటేటి బకాయిలు, 6 × 1,200: 7,200
ఇంకుడు గుంతల విరాళాలు: 92,500
మొక్కల విరాళాలు: 31,000
బడి లైబ్రరీ విరాళాలు: 46,800
పాత పేపర్లు, తుక్కు అమ్మకం: 9,340
బ్యాంకు వడ్డీ: 1,316
మొత్తం: 3,13,056

ఖర్చు
ఇంకుడు గుంతలు నాలుగు: 75,800
మొక్కలు: 27,100
బడి లైబ్రరీ: 45,450
రక్తదాన శిబిరం: 8,900
పనిముట్లు, గ్లవ్స్, ఫస్ట్ ఎయిడ్: 14,220
నెలవారీ మీటింగులు పదకొండు, హాలు అద్దె 5,500, టీ టిఫిన్లు 8,580: 14,080
రసీదు పుస్తకాలు, కరపత్రాలు: 4,300
ఆడిట్ ఫీజు, దాఖలు ఖర్చులు, బ్యాంకు చార్జీలు: 8,886
మొత్తం: 1,98,736

చివరి నిల్వ 1,14,320. ఇందులో బ్యాంకులో 1,12,705, నగదు 1,615. పాస్‌బుక్ చూసినవాళ్లకు 1,14,605 కనిపిస్తుంది. తేడా 1,900. మొక్కల చుట్టూ పెట్టే ఇనుప గూళ్లకు వెల్డింగ్ చేసినాయనకు మార్చి 29న ఇచ్చిన చెక్కు ఏప్రిల్‌లో మారింది, అంతే.

ఈ నిల్వంతా ఒకే సంచిలో లేదు. ఇంకుడు గుంతల పద్దులో 16,700, మొక్కల పద్దులో 3,900, లైబ్రరీ పద్దులో 1,350 మిగిలాయి. ఆ 21,950 ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి. ముట్టుకోవడానికి వీలైన సాధారణ నిధి 92,370. మీటింగులో ఈ అంకె చదవగానే కొందరు చప్పట్లు కొట్టారు. కమిటీ మాత్రం దాన్ని పొదుపు కింద లెక్క వేయడం లేదు. ఏడాది మొదట్లో నాలా (మురుగు కాలువ) పక్క జాలీకి 40,000, పెద్దవాళ్ల కంటి పరీక్షల శిబిరానికి 15,000 కేటాయించాం. రెండింటికీ డబ్బుంది, తీర్మానం ఉంది, బాధ్యత తీసుకునే మనిషి లేడు. చందా ఇచ్చినవాళ్లు బ్యాంకులో వేసుకోమని ఇవ్వలేదు. సాగిన మూడు పనులకూ తీర్మానం కంటే ముందే ఒక మనిషి దొరికాడు. ఈ ఏటి లెక్కల్లో అన్నిటికంటే పెద్ద సంగతి ఇదేనని కమిటీ అభిప్రాయం.

ఇక ఇంకుడు గుంతలు. పార్కులో రెండు, ప్రభుత్వ బడి ఆవరణలో రెండు. మే 13న లోక్‌సభ పోలింగు, కూలీలు ఊళ్లకు పోతారు కాబట్టి తవ్వకం మే చివరి వారానికి పెట్టుకున్నాం. వానలకు ముందే పూర్తయింది. కొలత ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఆరడుగుల లోతు. గోడ పునాదికి పది అడుగుల దూరం వదిలాం. అడుగున మూడడుగుల మందం 40 ఎంఎం కంకర, దానిపైన అడుగున్నర 20 ఎంఎం, ఆపైన పదకొండు అంగుళాల దాకా దొడ్డు ఇసుక, మిగిలింది నీళ్లు నిలవడానికి ఖాళీ. హైదరాబాదు నీళ్ల బోర్డు జలమండలి చెప్పే నిష్పత్తి ఇదే: సగం పెద్ద కంకర, పావు వంతు చిన్న కంకర, 15 శాతం ఇసుక, 10 శాతం ఖాళీ.

బడిలో రెండో గుంత నాలుగడుగులు పోగానే రాయి పడింది. హైదరాబాదులో ఇది ఎక్కడైనా పడుతుంది. బ్రేకర్ పెట్టిస్తే గంటకు జేసీబీ కంటే ఎక్కువ అడుగుతారు, పగిలిన రాయి ఎత్తడం ఇంకో ఖర్చు. అందుకని లోతు నాలుగు దగ్గరే ఆపి, తొమ్మిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు చేశాం. 216 ఘనపుటడుగులు అలాగే దక్కాయి, అదనంగా పైసా కాలేదు. పొరల మందం మాత్రం అదే నిష్పత్తిలో తగ్గించాం.

ఖర్చు ఇలా: 40 ఎంఎం కంకర 20 టన్నులు 17,000. 20 ఎంఎం 10 టన్నులు 9,000. ఇసుక 6 టన్నులు 9,000. జేసీబీ ఆరు గంటలు, గంటకు 1,300 చొప్పున 7,800. అడ్డా కూలీలకు మొత్తం 16 రోజుల కూలి, రోజుకు 900 చొప్పున 14,400. మట్టి ఎత్తివేత పది ట్రాక్టర్ ట్రిప్పులు 6,000. పైపులు, ఇటుకలు, సిమెంటు, మట్టి ఆగే చిన్న తొట్లు, గుంతకు 3,150 చొప్పున 12,600. సగటున గుంతకు 18,950 పడింది. రోబో ఇసుక (రాయిని పొడి చేసి తీసే ఇసుక) చవక కదా అని అడిగారు. కడగని రోబో ఇసుకలో సన్న పొడి ఎక్కువ, అది కంకర సందుల్లోకి దిగి గుంత పూడిపోతుంది. అందుకే కొనలేదు.

కంకర, ఇసుక ట్రాక్టర్ లెక్కన కాక టన్ను లెక్కన, ధర్మకాంటా (బండ్లు తూచే కాంటా) చీటీ చూసే తీసుకున్నాం. ఒక ట్రిప్పుకు బిల్లులో మూడు టన్నులు రాశారు, చీటీలో 2.6 ఉంది. చీటీ ప్రకారమే డబ్బిచ్చాం. చీటీలన్నీ వోచర్లకు పిన్ను చేసి ఉన్నాయి.

పార్కు గుంతల్లో ఒకటి సెప్టెంబరు మొదటి వానలకు నీళ్లు తాగడం మానేసింది. నడక దారి మీది మట్టి తొట్టి దాటి ఇసుక మీద అంగుళం మందాన పేరుకుంది. తొట్టి నిండేదాకా ఎవరూ తియ్యలేదు. పై ఆరంగుళాల ఇసుక తీసి, కడిగి, తిరిగి పోశాక మళ్లీ దిగింది. ఖర్చేమీ లేదు, నలుగురి రెండు గంటల పని. వానాకాలంలో నెలకోసారి తొట్టి ఎత్తిపోయడానికి ఇప్పుడు ఇద్దరి పేర్లు రాసి ఉన్నాయి.

ఆరు గుంతలనుకుని నాలుగే ఎందుకన్న ప్రశ్న వచ్చింది. ఒకచోట కింద మంచినీళ్ల లైను ఉంది, ఆ స్థలం వదిలేయాల్సిందే. రెండోచోటికి మనిషి దొరకలేదు. మిగతా రెండు తవ్వాలంటే ఇదే ధరకు 37,900 కావాలి, పద్దులో 16,700 ఉంది, ఇంకా 21,200 తక్కువ.

మొక్కలు మున్సిపల్ నర్సరీ నుంచి ఉచితంగా వచ్చాయి కాబట్టి ఖర్చంతా వాటిని బతికించడానికే అయింది. వెల్డ్‌మెష్ గూళ్లు 40, ఒక్కోటి 480 చొప్పున 19,200. వాటి మరమ్మతు 1,900. కట్టెలు, పశువుల ఎరువు 1,500. ఫిబ్రవరి, మార్చిలో నీళ్ల ట్యాంకర్లు ఐదు, 4,500. నాటింది 60, మార్చి చివరికి 47 ఉన్నాయి. గూడు ఉన్న 40లో 38 బతికాయి, గూడు లేని 20లో 9. మేకలు, పార్కింగ్ చేసే కార్లు, గణపతి మండపాల వెదురుకర్రలు, ఈ మూడింటి దెబ్బే ఎక్కువ. గూడు లేని మొక్క నాటడమంటే ఫొటో కోసం నాటడమే. వచ్చే ఏడు గూళ్లెన్ని ఉంటే మొక్కలన్నే. కరెంటు తీగల కింద గన్నేరు, నందివర్ధనం, తీగలు లేనిచోట కానుగ, వేప. కోనోకార్పస్ ఎవరు తెచ్చిచ్చినా నాటం.

లైబ్రరీలో ఇనుప ర్యాకులు నాలుగు 20,800, కొత్త పుస్తకాలు 260కి 19,400, చాపలు 2,400, అట్టలు, ముద్రలు, రిజిస్టరు 1,650, రవాణా 1,200. ఇళ్ల నుంచి పాత పుస్తకాలు 310 వచ్చాయి, అందులో పిల్లలకు పనికొచ్చేవి 140. మిగతావన్నీ గైడ్లు, పాత సిలబస్ మెటీరియల్. అవి తుక్కు పద్దులోకి పోయాయి, ఇచ్చినవాళ్లు ఏమీ అనుకోవద్దు.

రక్తదానానికి టెంటు 2,800, టిఫిన్ 4,250, పోస్టర్లు 1,850. 61 మంది వచ్చారు, 43 యూనిట్లు వచ్చాయి. వెనక్కి పంపిన 18 మందిలో 11 మందికి హిమోగ్లోబిన్ 12.5 కంటే తక్కువ. ఒకసారి రక్తం ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలల విరామం కావాలన్న సంగతి మరో నలుగురికి తెలియదు. ముగ్గురు మందులు వాడుతున్నారు. ఈ నియమాలు పోస్టరు మీదే పెద్దక్షరాల్లో వేస్తే సెలవు పెట్టుకుని వచ్చినవాళ్లకు ఆ శ్రమ తప్పేది.

డబ్బు లెక్కతో పాటు ఈసారి మనుషుల లెక్క కూడా రాశాం. రిజిస్టరులో 84 మంది. నెల మీటింగుకు సగటున 22. మొక్కలు నాటిన ఆదివారం 46 మంది. పుస్తకాలకు అట్టలు వేసిన రోజు 31 మంది, రెండు గంటల్లో 400 పుస్తకాలు అయిపోయాయి. గుంతల దగ్గర మొదటి ఆదివారం 19, రెండోసారి 14, మూడోసారి 9. కారణం వెతకక్కర్లేదు. అక్కడ పని జేసీబీది, కూలీలది. మనవాళ్లు ఎండలో నిలబడి చూసి పోయారు. అలా చూసి పోయినవాళ్లు మళ్లీ పిలిస్తే రారు. యంత్రం పనికి ఇద్దరు చాలు, ఒకరు చీటీలకు, ఒకరు కొలతలకు.

వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే బొటనవేళ్లు బోలెడు వస్తాయి, పొద్దున చూస్తే సగం మంది ఉండరు. ఆగస్టు నుంచి పద్ధతి మార్చాం. పన్నెండు మంది, తలా ఏడుగురికి శుక్రవారం సాయంత్రం ఫోన్ చేస్తారు. ఫోన్లో నాలుగు ముక్కలే చెప్పాలి: పని ఏమిటి, ఎక్కడ, ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి అయిపోతుంది. ఆఖరుది చెప్పకపోతే చాలామంది రారు, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పనులుంటాయి కదా. రెండు గంటల్లో తెమలని పనిని రెండు ముక్కలు చేసి రెండు ఆదివారాలకు పెడుతున్నాం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పారలు, గడ్డపారలు, తట్టలు కొనడానికి 11,350 పెట్టింది కూడా అందుకే. వచ్చిన పదిమందికి మూడు పారలుంటే ఏడుగురు కబుర్లు చెప్పుకుంటారు.

ఇకపై ఏ పనికైనా మంజూరుకు ముందు ఒక పేజీ కాగితం కావాలి. స్థలం ఎవరిది, అనుమతి చేతికొచ్చిందా, బాధ్యుడెవరు, ఆయన ఊళ్లో లేనప్పుడు ఎవరు, ఎన్ని చేతులు ఎన్ని గంటలు, సరుకు కొలతలు, పని అయ్యాక ఏడాది పాటు చూసుకునేదెవరు. బాధ్యుడి గడి ఖాళీగా ఉంటే కాగితం మీటింగుకు రాదు, చందా వసూలు మొదలవదు. 5,000 దాటితే మూడు కొటేషన్లు, అడ్వాన్సు 30 శాతం మించొద్దు, 2,000 దాటిన చెల్లింపు చెక్కు లేదా యూపీఐ. ఈ మూడూ పాత నియమాలే.

విరాళాలిచ్చినవారికి ఒక మాట. విరాళాల మీద ఆదాయపు పన్నులో వచ్చే 80జీ రాయితీకి 10బీఈ సర్టిఫికెట్లు (విరాళం ఇచ్చినట్టు ధ్రువపత్రాలు) 2025 మే 31 లోపు ఇస్తాం. పాన్ లేదా మరో గుర్తింపు నంబరు ఇవ్వనివారికి ఇవ్వలేం. నగదుగా ఇచ్చింది 2,000 దాటితే దానికి రాయితీ రాదు. సభ్యత్వ చందా విరాళం కాదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి ఈ రాయితీ ఎలాగూ లేదు.

చందా వచ్చిన 71లో 68 పేర్లే తేలాయి. మూడు 1,200లు యూపీఐలో వచ్చాయి, పంపిన పేరు రిజిస్టరులో లేదు. భార్య ఫోన్ నుంచో, కొడుకు ఫోన్ నుంచో వేసి ఉంటారు. అందువల్ల బాకీ జాబితాలో 16 పేర్లు కనిపిస్తున్నాయి, నిజానికి బాకీ 13. ఆ పదహారు మందిలో ఐదుగురు ఇల్లు మారారు. నలుగురు "చందా అడగడానికి తప్ప ఎప్పుడూ ఫోన్ చేయరు" అన్నారు. వాళ్లను ముందు పనికి పిలవాలని, చందా ఊసు తర్వాత ఎత్తాలని తీర్మానించాం. మిగిలిన ఏడుగురు దొరకలేదు.

క్యాష్ బుక్, వోచర్లు, కొటేషన్లు, ధర్మకాంటా చీటీలు సర్వసభ్య సమావేశం దాకా ప్రతి శనివారం సాయంత్రం 5 నుంచి 7 వరకు కమ్యూనిటీ హాల్లో ఉంటాయి. ఎవరైనా చూడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. అభ్యంతరం ఉంటే వోచర్ నంబరు వేసి రాసివ్వండి, జవాబు కూడా రాతలోనే ఇస్తాం. పేరు తేలని ఆ మూడు చెల్లింపులు జూన్, ఆగస్టు, జనవరి నెలల్లో వచ్చాయి. మీ ఇంట్లో ఎవరి ఖాతా నుంచైనా ఆ నెలల్లో 1,200 కట్ అయి ఉంటే, యూపీఐ రిఫరెన్సు పన్నెండు అంకెల్లో చివరి నాలుగు కోశాధికారికి చెప్పి రసీదు తీసుకోండి.