పరీక్ష అదే, స్కోరు అదే, క్యాంపస్ మారితే క్రెడిట్ ఎందుకు పోవాలి?

టెక్సస్ హయ్యర్ ఎడ్యుకేషన్ కోఆర్డినేటింగ్ బోర్డు కమిషనర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి మీ ఆఫీసుకు విడిగా పంపాను. తెలుగులో కూడా రాయడానికి కారణం ఉంది. హైస్కూల్లో పిల్లలున్న మా తెలుగు ఇళ్ళలో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల మీద, అదే మేమందరం ఏపీ అని పిలుచుకునే, 1 నుంచి 5 దాకా స్కోరు ఇచ్చే కాలేజీ స్థాయి పరీక్షల మీద, పెట్టే డబ్బూ పడే టెన్షనూ అంతా ఇంతా కాదు. ఎన్ని ఏపీలు రాశారు, ఎన్ని ఐదులు వచ్చాయి అన్నదే ఎక్కడ కలిసినా మాట. ఆ స్కోరు చివరికి డిగ్రీలో ఎక్కడ కలుస్తుంది, అసలు కలుస్తుందా అని అడిగేవాళ్ళు మాత్రం తక్కువ. వాళ్ళు కూడా చదవాలని ఈ ప్రతి.

నేను అడిగేది చిన్న విషయం. హైస్కూల్లో రాసిన పరీక్షకు మన రాష్ట్రంలోని ఒక ప్రభుత్వ కాలేజీ క్రెడిట్ ఇచ్చేశాక, అంటే ఆ కోర్సు చదివినట్టే డిగ్రీ లెక్కలో కలిపేశాక, ఆ విద్యార్థి ఇంకో ప్రభుత్వ యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయితే ఆ క్రెడిట్ కూడా తనతో పాటు వెళ్ళాలి. ఇప్పుడు చాలాసార్లు అది దారిలోనే ఆగిపోతోంది.

చట్టం లేదని కాదు. 2015లో శాసనసభ హౌస్ బిల్ 1992 పాస్ చేసింది. మొదటి రెండేళ్ళ స్థాయి కోర్సులకు ఏపీలో 3 వస్తే ప్రభుత్వ కాలేజీలు క్రెడిట్ ఇవ్వాలి, అంతకన్నా ఎక్కువ స్కోరు అడగకూడదు అని దాని సారాంశం. ఒక్క మినహాయింపు ఉంది. తర్వాతి పెద్ద కోర్సుకు విద్యార్థి సిద్ధంగా ఉండాలంటే ఇంకా ఎక్కువ స్కోరు అవసరమని యూనివర్సిటీ అకడమిక్ అధిపతి ఆధారాలతో నిర్ణయిస్తే, అప్పుడు 4 గానీ 5 గానీ అడగవచ్చు. కాగితం మీద ఇది న్యాయంగానే ఉంది. చిక్కంతా ఆ మినహాయింపును ఎవరు ఎలా వాడుతున్నారన్న దగ్గరే. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి విషయంలో ఆ చిక్కు రెట్టింపు అవుతుంది, ఎందుకంటే తన స్కోరును ఒకసారి కాదు, రెండుసార్లు తూకం వేస్తారు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. కాలేజీల పేర్లు రాయడం లేదు. ఇది ఏ ఒక్క కాలేజీ గొడవా కాదు.

మా అమ్మాయికి యూఎస్ హిస్టరీ ఏపీలో 3 వచ్చింది. హైస్కూల్ అయ్యాక ఖర్చు కలిసొస్తుందని ముందు కమ్యూనిటీ కాలేజీలో చేరింది. వాళ్ళు ఆ స్కోరు చూసి అమెరికా చరిత్ర రెండు భాగాల కోర్సులు, హిస్టరీ 1301, 1302 రెండింటికీ క్రెడిట్ ఇచ్చారు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో రెండు కోర్సుల పక్కనా గ్రేడు ఉండాల్సిన చోట సీఆర్ (క్రెడిట్) అని, కింద క్రెడిట్ బై ఎగ్జామ్, అంటే పరీక్ష ద్వారా వచ్చిన క్రెడిట్ అని పడింది. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఏ బ్యాచిలర్ డిగ్రీకైనా అమెరికా చరిత్రలో ఆరు క్రెడిట్లు కావాలి కాబట్టి ఆ లెక్క తీరిపోయిందనుకున్నాం. ఆ ఏడాది తను ఇంకో హిస్టరీ క్లాసు జోలికి పోలేదు.

తర్వాత ఇంజనీరింగ్ కోసం యూనివర్సిటీకి మారింది. డిగ్రీకి ఏ కోర్సులు తీరాయో చూపించే అక్కడి డిగ్రీ ఆడిట్ పేజీలో మిగతా కోర్సులన్నీ పచ్చగా ఉంటే, హిస్టరీ రెండు వరసలూ ఎర్రగా ఉన్నాయి. అడ్వైజర్‌కు మెయిల్ పెడితే వచ్చిన జవాబు: వేరే కాలేజీ ఇచ్చిన సీఆర్‌ను మేము లెక్కలోకి తీసుకోం, ఏపీ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు నుంచి అసలు స్కోరు పంపించండి. పదిహేను డాలర్లు కట్టి పంపించాం. ఒక వరస పచ్చగా మారింది. 1302 మాత్రం ఎర్రగానే ఉండిపోయింది. ఆ యూనివర్సిటీలో 3 వస్తే ఒక్క కోర్సుకే క్రెడిట్, రెండింటికీ కావాలంటే 4 ఉండాలట.

అసలు వింత ఆ తర్వాత ఉంది. యూనివర్సిటీలో ఆ మూడు క్రెడిట్లకు వెయ్యి డాలర్ల పైమాటే అవుతుందని, వేసవిలో పక్క కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో ఆన్‌లైన్‌లో 1302 తీసుకుంది. వారానికో క్విజ్, రెండు వ్యాసాలు, ఒక ఫైనల్. A గ్రేడ్ వచ్చింది. దాన్ని మాత్రం అదే యూనివర్సిటీ మారు మాట లేకుండా తీసుకుంది. మొదటి కాలేజీ ఇచ్చిందీ 1302 క్రెడిటే, రెండో కాలేజీ ఇచ్చిందీ 1302 క్రెడిటే. రెండూ రాష్ట్రంలోని ఉమ్మడి కోర్సు నంబర్ల పట్టికలోవే. ఏ కాలేజీలో చదివినా ఆ నంబరున్న కోర్సు ఒకటే అని చెప్పడానికే కదా ఆ పట్టిక పెట్టింది! మరి మొదటి 1302 ఎందుకు చెల్లలేదు?

మీ ఆఫీసులో ఎవరైనా దీనికి జవాబు చెబుతారేమో చూడండి, ఎందుకంటే ఇంకో లెక్క కూడా కుదరడం లేదు. మా అమ్మాయితో పాటు అదే కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఒక అబ్బాయికీ హిస్టరీలో 3యే. అతను అక్కడే ఇంకో ఏడాది ఉండి అందరూ చదవాల్సిన 42 క్రెడిట్ల కోర్ కరికులమ్ మొత్తం పూర్తి చేసి అదే యూనివర్సిటీకి వచ్చాడు. కోర్ పూర్తయిందని ట్రాన్స్‌క్రిప్ట్ మీద ఉంటే, ఆ 42 క్రెడిట్లనూ చేరిన యూనివర్సిటీ తన కోర్ బదులుగా ఒకే మూటగా ఒప్పుకోవాలని మీ నియమాలే చెబుతున్నాయి. ఆ మూటలో ఏముందో ఎవరూ విప్పి చూడలేదు. హిస్టరీ స్కోరెంతని ఎవరూ అడగలేదు. అంటే మూటలో ఉంటే ఆ 3 మీద నమ్మకం ఉంది, విడిగా వస్తే లేదు. అందులో చదువుకు సంబంధించిన కారణం ఏముందో నాకైతే అంతుపట్టలేదు.

యూనివర్సిటీల వైపు మాటా ఉంది. కాల్క్యులస్‌లో 3 వచ్చిన పిల్లల్ని నేరుగా కాల్క్యులస్ టూలో కూర్చోబెడితే కొందరు మునిగిపోతారని గణితం ప్రొఫెసర్లు అంటే నేను వాదించను. ఒక కోర్సు మీద ఇంకో కోర్సు కట్టుకుంటూ పోయే చోట, కెమిస్ట్రీ, ఫిజిక్స్ లాంటివాటిలో, కాస్త గట్టిగా ఉండటం పిల్లలకే మంచిది. ఇంజనీరింగ్‌లో చేరబోయే పిల్లలకు నేనే చెబుతుంటాను, 3 వస్తే క్రెడిట్ ఇచ్చినా తీసుకోకుండా కాల్క్యులస్ మళ్ళీ చదవమని. చట్టంలో మినహాయింపు పెట్టిందీ అందుకే. కానీ ఇంజనీరింగ్ విద్యార్థికి హిస్టరీ 1302 తర్వాత వచ్చే పెద్ద కోర్సు ఏది? ఏమీ లేదు. తను జీవితంలో చదివే ఆఖరి చరిత్ర క్లాసు బహుశా అదే. దేనికి సిద్ధంగా లేదని 4 అడుగుతున్నారు?

ఆధారాలతో నిర్ణయించాలని చట్టం అంటోంది. మరి ఆ ఆధారాలను బయట పెట్టమనండి. 3తో వచ్చినవాళ్ళు తర్వాతి కోర్సులో ఎలా చేశారు, 4తో వచ్చినవాళ్ళు ఎలా చేశారు, అసలు తర్వాతి కోర్సు ఉందా లేదా, ఇవన్నీ ప్రతి యూనివర్సిటీ రికార్డుల్లో ఉండేవే. 3 కంటే ఎక్కువ అడిగే ప్రతి సబ్జెక్టుకూ ఒక పేజీ రాసి వెబ్‌సైట్‌లో పెడితే చాలు. నిజంగా ఆధారం ఉన్నవాళ్ళకు ఇది పెద్ద పనేమీ కాదు.

టెక్సస్ గవర్నమెంట్ కోర్సు గురించి కూడా కొందరు తల్లిదండ్రులు గొడవ పడుతుంటారు, గవర్నమెంట్ సబ్జెక్టు ఏపీ పరీక్షలో 5 వచ్చినా ఇంకో కోర్సు ఎందుకు తీసుకోవాలని. అందులో యూనివర్సిటీల తప్పేం లేదు. ఏపీ పరీక్షలో ఉండేది ఫెడరల్ ప్రభుత్వం, అంటే 2305 నంబరు కోర్సు. మన రాష్ట్ర రాజ్యాంగం చదవాలని చట్టంలోనే ఉంది, అది 2306. రాయని పరీక్షకు క్రెడిట్ ఎవరూ ఇవ్వరు.

హైస్కూల్లో ఉండగానే తీసుకునే కాలేజీ కోర్సులతో, అంటే డ్యూయల్ క్రెడిట్‌తో పోలిస్తే ఏపీ పిల్లలకు జరిగే అన్యాయం ఇంకా బాగా కనిపిస్తుంది. అదే హైస్కూల్లో, పక్క గదిలో డ్యూయల్ క్రెడిట్ తీసుకున్న పిల్లలకు సీ గ్రేడ్ వచ్చినా అది కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో కోర్సుగా ఎక్కుతుంది, ఎక్కడికి వెళ్ళినా మామూలు కాలేజీ కోర్సులాగే బదిలీ అవుతుంది. డ్యూయల్ క్రెడిట్‌ను తక్కువ చేయడం లేదు. 2023లో వచ్చిన హౌస్ బిల్ 8 తర్వాత ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాల పిల్లలకు ఆ పథకంలో చేరిన కాలేజీల్లో అది ఉచితంగా దొరుకుతోంది, మంచిదే. కానీ ఏడాదంతా చదివి, ఎవరో తెలియని పరీక్షకులు దిద్దే పేపరు రాసి, దేశమంతటికీ ఒకే కొలతతో వచ్చిన 3కు అంతకన్నా తక్కువ విలువ కట్టడం ఎలా సమర్థిస్తారు? 3 నుంచి క్రెడిట్ ఇవ్వవచ్చని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ కూడా సిఫారసు చేస్తోంది.

ఇక మీ చేతిలో ఉన్న పనుల గురించి. 2019లో వచ్చిన సెనేట్ బిల్ 25 ప్రకారం, ట్రాన్స్‌ఫర్ అయి వచ్చిన విద్యార్థులకు ఏ కోర్సులకు క్రెడిట్ ఇవ్వలేదో, ఏవి మేజర్‌లో (డిగ్రీ ముఖ్య సబ్జెక్టులో) కలపలేదో యూనివర్సిటీలు ఏటా రిపోర్టు ఇవ్వాలి. పరీక్ష ద్వారా వచ్చి తర్వాత పోయిన క్రెడిట్లకూ ఆ రిపోర్టులో ఒక కాలమ్ పెట్టించండి. ఎంతమందికి ఇలా జరుగుతోందో అప్పుడు మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది.

ట్రాన్స్‌ఫర్ వివాదాలకు ఒక పద్ధతి ఇప్పటికే ఉంది. ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు కాబట్టి చెబుతున్నాను: మొదటి రెండేళ్ళ కోర్సుకు క్రెడిట్ నిరాకరిస్తే యూనివర్సిటీ ఆ సంగతి విద్యార్థికీ, పంపిన కాలేజీకీ రాతపూర్వకంగా చెప్పాలి. 45 రోజుల్లో తేలకపోతే విషయం కమిషనర్ దగ్గరికి వస్తుంది, ఆఖరి మాట మీదే. మా అమ్మాయి విషయంలో నోటీసంటూ ఏదీ రాలేదు, అడ్వైజర్ మెయిల్ ఒక్కటే. కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్ మీద కోర్సు నంబరుతో ఉన్న సీఆర్‌కు కూడా ఈ పద్ధతి వర్తిస్తుందని అన్ని యూనివర్సిటీలకూ ఒక సర్క్యులర్ పంపండి. మారు ఉత్తరాలు రాసే ఓపిక లేని పిల్లలే ఎక్కువ. వాళ్ళు నిట్టూర్చి ఇంకో కోర్సుకు డబ్బు కట్టేస్తారు.

అసలు పరిష్కారం మాత్రం నియమం మార్చడమే. ఒక ప్రభుత్వ కాలేజీ ఉమ్మడి నంబరుతో పరీక్షా క్రెడిట్ ఇచ్చాక, కోర్ వరకైనా ఇంకో ప్రభుత్వ కాలేజీ దాన్ని మళ్ళీ తూచకూడదు. మేజర్‌లోని గణితం, సైన్స్ కోర్సులకు కావాలంటే మినహాయింపు ఉంచండి. దీనికి కొత్త చట్టమే కావాలంటే శాసనసభకు మీ సిఫారసు రాయండి. ఏపీ లాంటిదే అయిన ఐబీ (ఇంటర్నేషనల్ బాకలోరియెట్) డిప్లొమా విద్యార్థులకు కనీసం 24 క్రెడిట్లు ఇవ్వాలని 2005లో సంఖ్య వేసి మరీ చట్టం చేసిన సభే అది. కాలిఫోర్నియా 2016లోనే కమ్యూనిటీ కాలేజీలన్నిటికీ ఏపీ క్రెడిట్ విషయంలో ఒకే విధానం ఉండాలని చట్టం చేసింది.

అది జరిగేలోపు కనీసం ఒక పట్టిక ఇవ్వండి. ఒక పక్క ఏపీ సబ్జెక్టు, స్కోరు. ఇంకో పక్క ప్రతి ప్రభుత్వ యూనివర్సిటీలో అది ఏ నంబరు కోర్సు అవుతుంది, ట్రాన్స్‌ఫర్ విద్యార్థికి కూడా అంతేనా అన్నది. ఇప్పుడు ఈ సమాచారం ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో, ఒక్కోచోట ఒక్కో తీరుగా చెల్లాచెదురుగా ఉంది. మే నెల పరీక్షలకు పేర్లు ఇచ్చే గడువు నవంబరు మధ్యలోనే అయిపోతుంది, పరీక్షకు దాదాపు వంద డాలర్లు కట్టేదీ అప్పుడే. ఆ పట్టిక అక్టోబరులోగా వస్తే, ఏ పరీక్ష రాయాలో, దేన్ని వదిలి డ్యూయల్ క్రెడిట్ తీసుకోవాలో ఈ ఏడాది పిల్లలు చూసుకుని నిర్ణయించుకుంటారు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
టెక్సస్‌లో చదువుతున్న ఒక విద్యార్థిని తల్లి