మా గోడ మీది బూడిదరంగు డబ్బాను తెరిచి చూసినాయనకు కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలకు మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మోడెం మీది ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమనడం మాని నిలకడగా వెలిగింది. ఏడు వారాలుగా దానికోసం ఎదురుచూసి కళ్ళు కాయలు కాచిన మాకు, అది మళ్ళీ ఆరిపోదని నమ్మకం కుదరడానికి చాలాసేపు పట్టింది. రాత్రంతా నిద్ర లేదు. మాటలు సరిగ్గా కూడుతున్నాయో లేదో కూడా తెలియడం లేదు. అయినా ఈ తడి ఆరకముందే చెప్పుకోవలసినవారికి కృతజ్ఞతలు చెప్పుకోవాలని కూర్చున్నాను.

ఇంత చిన్న దీపానికి ఇంత ఆరాటమా అనుకునేవారి కోసం ముందు ఒక మాట. గత ఏడాది నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. దేశం కాని దేశంలో ఉన్న నేను ఫోను చేసినప్పుడల్లా అమ్మ రిసీవరును ఆయన చెవి దగ్గర పెట్టి, "వింటున్నారురా, మాట్లాడు" అనేది. నేను మాట్లాడేవాణ్ణి. అటునుంచి ఊపిరి మాత్రమే వినిపించేది. ఆ ఊపిరిలో ఆయన నవ్వారో, విసుక్కున్నారో, నన్ను గుర్తుపట్టారో లేదో తెలిసేది కాదు. ముఖం చూస్తే తప్ప తెలియని స్థితి అది. ఫోను లైను మీద నంబరు తిప్పి కలుపుకునే నెమ్మది ఇంటర్నెట్ అయిన డయల్-అప్ మీద వెబ్‌క్యామ్ పెడితే నాన్నగారి ముఖం చిన్న చిన్న చదరాలుగా వచ్చి, సగం రెప్ప మూసిన కన్ను దగ్గర నిలిచిపోయేది. పైగా ఉన్నది ఒకటే లైను కాబట్టి మేము నెట్‌లో ఉన్నంతసేపూ అమ్మ ఎన్నిసార్లు చేసినా ఫోను ఎంగేజే.

మా డయల్-అప్ మొదటినుంచీ అందరి డయల్-అప్ కంటే నీరసమే. మోడెం అట్టపెట్టె మీద సెకనుకు 56 కిలోబిట్లు అని ఉన్నా, ఆ కీచులాటా బుసబుసలూ అయ్యాక తెర మీద ఎప్పుడూ 28.8 అనే పడేది. అంటే 1 మెగాబైటు ఫోటో ఒకటి దిగడానికి దాదాపు ఐదు నిమిషాలు. మోడెందే తప్పనుకుని రెండుసార్లు మార్చాను. తప్పు మోడెంది కాదని నాలుగేళ్ళ తరువాత, నిన్న తెలిసింది.

బ్రాడ్‌బ్యాండ్ కోసం దరఖాస్తు పెట్టిన తరువాతి కథ క్లుప్తంగా చెబుతాను. మోడెం పోస్టులో వచ్చింది. "మీ సేవ ప్రారంభమైనది" అనే ఉత్తరం వచ్చింది. బిల్లు కూడా వచ్చింది. రానిది బ్రాడ్‌బ్యాండ్ ఒక్కటే. మొదట వచ్చిన మెకానిక్ మోడెం బాగుందన్నాడు. రెండో అతను గోడలోపలి వైర్లు పాతవి కావడమే కారణమనీ, అది ఇంటి యజమాని చూసుకోవలసిన పని అనీ రాసి వెళ్ళిపోయాడు. మూడోసారి వచ్చిన పెద్దమనిషి గురించే ఈ ఉత్తరమంతా.

ఆయనకు యాభై దాటి ఉంటాయి. ఇంట్లోకి వచ్చి మోడెం వైపు చూడనైనా చూడలేదు. గోడ మీది సాకెట్టు మూత విప్పి, నడుముకు వేలాడుతున్న టెస్టింగ్ ఫోను క్లిప్పులు తీగలకు తగిలించి, కళ్ళు మూసుకుని విన్నారు. తరువాత నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "మీ డయల్-అప్ ఎంత వేగంతో కలిసేది?" 28.8 అని చెప్పాను. ఏడు వారాల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన తల ఊపి బయటికి నడిచి, ఇంటి వెనుక గోడకు చూరు కింద ఉన్న ఒక బూడిదరంగు డబ్బాను తెరిచారు. అది అక్కడ ఉన్న సంగతే నాకు తెలియదు.

టెలిఫోన్ ఎక్స్ఛేంజి నుంచి వచ్చే ఒకే రాగి తీగల జతను మాకూ పక్కింటికీ కలిపి వాడుకునేలా అమర్చిన పరికరం అది. దాన్ని పెయిర్ గెయిన్ అంటారట. వీధిలో తీగలు చాలనప్పుడు రెండు ఇళ్ళ మాటలనూ అంకెలుగా మార్చి ఒకే జత మీద పంపి, ఇంటి దగ్గర మళ్ళీ విడదీస్తుంది. మాట్లాడుకోవడానికి ఇబ్బంది లేదు. కానీ 56 కిలోబిట్ల మోడెం పనిచేయాలంటే అటునుంచి వచ్చే సంకేతం దారిలో ఒక్కసారి మాత్రమే అంకెల నుంచి మామూలు ధ్వనిగా మారాలి. మా లైనులో ఆ మార్పు ఒకటికి రెండుసార్లు జరుగుతోంది కాబట్టి వేగం సగానికి పడిపోయింది. ఇక బ్రాడ్‌బ్యాండ్‌కు అసలు దారే లేదు. మాట 4 కిలోహెర్ట్జ్‌లోపు సర్దుకుంటే, ఏడీఎస్ఎల్ అనే ఈ ఫోను తీగ బ్రాడ్‌బ్యాండ్ అదే తీగ మీద దానికి పైన, సుమారు 25 నుంచి 1100 కిలోహెర్ట్జ్ దాకా ఉన్న మేరలో నడుస్తుంది. అందుకు ఎక్స్ఛేంజి నుంచి మన మోడెం దాకా తెగని రాగి కావాలి. మధ్యలో ఆ డబ్బా కూర్చుంటే మోడెం దీపం జన్మలో నిలవదు. ఇదంతా ఆయన తన నోట్‌బుక్ చివరి పేజీలో రెండు ఇళ్ళు, ఒక గీత గీసి, భాష సరిగ్గా రాని నాకు ఓపిగ్గా విడమరచి చెప్పారు.

"సదుపాయము లేదు" అని రాసి సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయినా ఆయనను తప్పుపట్టేవారు లేరు. నిజానికి ఆయన చేతిలోని కాగితం మీద అలా రాయడానికి ఒక గడి కూడా ఉంది. కలం పైకెత్తి, ఏమనుకున్నారో, ఇంట్లో నెట్ ఎవరికోసమని అడిగారు. నేను నాన్నగారి సంగతి చెప్పాను. ఆయన ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. కలాన్ని జేబులో పెట్టుకుని, "వీధి చివరి క్యాబినెట్‌లో ఖాళీ జత ఏదైనా ఉందేమో చూసి వస్తాను" అన్నారు. గంటన్నర అయినా రాకపోయేసరికి అందరిలాగే ఈయనా వెళ్ళిపోయారనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఆయన చినుకుల్లో ఆ క్యాబినెట్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, వందల తీగల్లో ఒక్కొక్క జతనూ పరీక్షించుకుంటూ పోతున్నారు. నేను గొడుగు పట్టుకుని వెళ్ళి నిలబడితే, గొడుగును తన మీద కాకుండా తీగల మీద పట్టమన్నారు. చివరికి ఒక జత దొరికింది. ఎక్స్ఛేంజిలోని సహోద్యోగికి ఫోను చేసి అటువైపు మార్పించి, మా గోడ దగ్గర ఆ డబ్బాను తప్పించి కొత్త జత కలిపారు. తీగ చివరి తొడుగు తీసి, తడిసిన రాగిని చొక్కా అంచుతో తుడిచి బిగించడం ఇంకా నా కళ్ళముందు ఉంది.

దీపం నిలిచింది. 512 కిలోబిట్లు. ఆయన డ్యూటీ అప్పటికి గంట కిందటే ముగిసింది. వెళ్ళిపోతారనుకుంటే, మీ నాన్నగారిని చూసేదాకా ఉంటానన్నారు. తెర మీద నాన్నగారు వచ్చారు. చదరాలుగా కాదు, మనిషిగా. కనుబొమ్మ ఎత్తి, ఎడమ చేతిని మెల్లగా లేపి, నా గడ్డం వైపు వేలు చూపించారు. గడ్డం గీసుకోలేదేమిరా అని దాని అర్థం. నేను ఏడ్చేశాను. ఆ పెద్దమనిషి నావైపు చూడకుండా గోడవైపు తిరిగి, అప్పటికే సర్దేసిన సామానును మళ్ళీ ఒకసారి సర్దుకున్నారు.

వెళ్ళేముందు, ఇంట్లో రెండు ఫోన్లు ఉండగా మాటనూ నెట్‌నూ వేరుచేసే ఫిల్టరు కంపెనీ ఒక్కటే పంపిందని గమనించి, రెండోది లేకపోతే మాటలో గరగర వస్తుందని తన సంచిలోంచి ఇంకొకటి తీసి తగిలించారు. దానికి డబ్బు తీసుకోలేదు. పేరు అడగాలన్న ఆలోచన ఆయన బండి వీధి మలుపు తిరిగాక వచ్చింది. ఈ మాటలు ఆయన కంట పడవు, పడినా ఆయన ఈ లిపి చదవలేరు. అయినా రాయకుండా ఉండలేకపోయాను.

కస్టమర్ కేర్ వారిని గురించి రాయకూడదనే అనుకున్నాను. కానీ ఏడు వారాల్లో పద్నాలుగుసార్లు ఫోను చేసి, ప్రతిసారీ నలభై నిమిషాలు సంగీతం విని, ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పి, ప్రతిసారీ "కంప్యూటరును ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి" అనే సలహా అందుకున్న మనిషికి ఆ మాత్రం అనే హక్కు ఉంటుంది. నా వీసాకు పదకొండు నెలలే గడువు ఉందని, పన్నెండు నెలల ఒప్పందానికి పనికిరానని ఒకసారి తిప్పి పంపారు. పరాయివాడు ఎప్పుడైనా ఎగవేసి పోగలడన్న అనుమానం వారి ఫారంలో ప్రతి గడిలోనూ కనిపించింది. పనిచేయని ఏడు వారాల బిల్లును మాత్రం గడువు తప్పకుండా పంపారు. ఒక్క రాగి జతను వెతకడానికి ఒక మనిషి సొంత సమయం ఖర్చు కావలసి వచ్చిందంటే, ఆ పని ఎవరి జాబితాలోనూ లేదన్నమాటే కదా.

అక్కడ వెబ్‌క్యామ్ ముందు నాన్నగారిని కూర్చోబెట్టిన తమ్ముడికి, ఇక్కడ నా చిరాకునంతా భరించిన మా ఆవిడకు కృతజ్ఞతలు.

అన్నట్టు, లైను గురించి వచ్చిన ఉత్తరాలన్నీ చదివి అర్థం చెప్పిన ఆఫీసు మిత్రుణ్ణి మరచిపోయాను. సంతకం అడగగానే పెట్టిన ఇంటి యజమానికీ, నిచ్చెన ఇచ్చిన ఎదురింటి కుర్రవాడికీ కూడా ధన్యవాదాలు. ఇంకొకరు, అసలు ముందే చెప్పవలసినవారు: మాతో తీగ పంచుకున్న పక్కింటి పెద్దావిడ. మా పని జరుగుతుండగా ఆమె ఫోను పావుగంట మూగబోయింది. క్షమాపణ చెప్పడానికి వెళ్తే, ఇంతకాలం మీ మాటలు నా తీగలోనే వెళ్ళేవా అని ఆశ్చర్యపోయి, లోపలికి రమ్మని కుర్చీ చూపించారు. నాలుగేళ్ళలో ఆమె గడప తొక్కడం అదే మొదటిసారి.