డువార్స్ టూర్: ఈ సీజన్ నుంచి ఏం మారుతోంది, రేటు ఎందుకు పెరిగింది

మాతో ప్రయాణాలు చేసే మీ అందరికీ నమస్కారం.

డువార్స్ టూర్ కొత్త ప్లాన్ పంపినప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. దసరా సెలవుల బ్యాచ్ ఎందుకు తీసేశారు, టోటోపాడా ఊరు ప్లాన్‌లో ఎందుకు కనబడటం లేదు, మనిషికి నాలుగు వేలు ఎందుకు పెంచారు అని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నలే. ఫోన్లో ఒక్కొక్కరికీ సగం సగం చెప్పేకంటే అందరికీ ఒకేసారి వివరంగా రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ల కోసం కొంచెం చెప్తాను. భూటాన్ కొండలు దిగి మైదానం మొదలయ్యే చోట, పడమర తీస్తా నది నుంచి తూర్పున సంకోశ్ నది దాకా ఉన్న అడవులు, టీ తోటల ప్రాంతమే డువార్స్. పశ్చిమ బెంగాల్ ఉత్తర భాగంలో ఉంటుంది. గోరుమారా, చాప్రామారి, జల్దాపాడా, బక్సా అడవులన్నీ ఇక్కడివే. మనవాళ్లు ఎక్కువగా న్యూ జల్పాయిగురిలో దిగి నేరుగా డార్జిలింగ్ కొండ ఎక్కేస్తారు. ఇటువైపు వచ్చేవాళ్లు తక్కువ.

ముందు పులి సంగతి. బక్సా 1983 నుంచి టైగర్ రిజర్వే. కానీ అక్కడ రెండు దశాబ్దాలకు పైగా కెమెరాకి పులి చిక్కలేదు. 2021 డిసెంబర్‌లో ఒకటి కనబడితే అదే పెద్ద వార్త అయింది. అందుకని మా ప్లాన్‌లో ఎక్కడా పులి బొమ్మ వేయలేదు, వేయం కూడా. పులి కోసమే వెళ్లాలనుకుంటే తడోబాకో కన్హాకో వెళ్లండి. మాకు వ్యాపారం రాకపోయినా ఫర్వాలేదు, ఎలా వెళ్లాలో నేనే చెప్తాను.

ఇక్కడ చూడాల్సింది ఖడ్గమృగాన్ని. జల్దాపాడాలో 1980ల మధ్యనాటికి వేటగాళ్ల దెబ్బకి పద్నాలుగే మిగిలాయి. 2022 లెక్కల్లో 292 ఉన్నాయి. మన దేశంలో కాజీరంగా తర్వాత ఇన్ని ఉన్న చోటు ఇదే. అటవీ సిబ్బంది ఏళ్ల తరబడి రాత్రింబవళ్లు కాపలా కాస్తే వచ్చిన ఫలితం ఇది. సఫారీ జీపులో మీ పక్కన కూర్చునే గైడ్లలో చాలామంది ఆ అడవి అంచు ఊళ్లవాళ్లే. వాళ్లు చెప్పేది కాస్త ఓపిగ్గా వినండి.

దసరా బ్యాచ్ తీసేయడానికి కారణం కూడా ఈ ఖడ్గమృగమే. వానల కోసం జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా అడవులు మూసేస్తారు. తెరిచాక అక్టోబర్‌లో తోర్సా నది ఒడ్డున గడ్డి జీపుని మించి ఎత్తుంటుంది. పది అడుగుల దూరంలో ఖడ్గమృగం ఉన్నా వీపు కూడా కనబడదు. చలికాలం చివర్లో ఎండుగడ్డి కాల్చాక లేత చిగురు వస్తుంది, జంతువులు బయటికి వచ్చి మేస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చూసినదానికీ అక్టోబర్‌లో చూసినదానికీ పోలికే లేదు. దీనికి తోడు 2025 అక్టోబర్ మొదట్లో కురిసిన వానలకి డువార్స్ నదులు ఎలా పొంగాయో మీరు టీవీల్లో చూసే ఉంటారు. పిల్లల సెలవులు అప్పుడే ఉంటాయని నాకు తెలుసు. అయినా ఆ టెన్షన్ పెట్టుకుని మిమ్మల్ని తీసుకెళ్లలేను. ఇకనుంచి నవంబర్ చివరి నుంచి మార్చి దాకానే బ్యాచ్‌లు.

మా పాత ఫొటోల్లో చూసి జల్దాపాడా అడవిలోని హోలాంగ్ చెక్క బంగళాలో గది కావాలని అడిగేవాళ్లకి ఒక మాట. అది 2024 జూన్‌లో కాలిపోయింది.

ఇప్పుడు రేటు. పెరిగిన డబ్బులో ఎక్కువ భాగం న్యూ జల్పాయిగురి స్టేషన్ పక్కనే ఉన్న సిలిగురిలో ఒక రాత్రి బసకే పోతుంది. ఇంతకుముందు రైలు దిగగానే బండెక్కి గోరుమారా అడవి పక్కనున్న లాటాగుడి వెళ్లిపోయేవాళ్లం. రైలు ఆలస్యమైతే అడవిలో ఉండగానే చీకటి పడుతుంది. చీకటి పడ్డాక ఆ రోడ్లు ఏనుగులవి. నవంబర్, డిసెంబర్‌లలో వరి పండే వేళ గుంపులు గుంపులుగా పొలాల మీదికి వస్తాయి. ఊళ్లవాళ్లు మంచెలెక్కి టార్చిలైట్లు, టపాకాయలతో రాత్రంతా మేలుకుంటారు. మన పార్వతీపురం మన్యం జిల్లావాళ్లకి ఈ బాధ నేను వివరించక్కర్లేదు. అయినా అక్కడివాళ్లు ఏనుగుని తిట్టడం నేను అరుదుగా విన్నాను. మహాకాల్ బాబా అంటారు. లాటాగుడి నుంచి చాల్సా వెళ్లే అడవి రోడ్డు పక్కన మహాకాల్ గుడి ఉంది. డ్రైవర్లు అక్కడ బండి ఆపి దండం పెట్టుకున్నాకే ముందుకు కదులుతారు. పంట తొక్కేసిన దేవుడికి మర్నాడు పొద్దున్నే పూజ చేసే ఆ మనుషుల్ని చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

ఏనుగులకీ మన ప్రయాణాల వల్ల ప్రాణాపాయమే. 2010 సెప్టెంబర్‌లో బానర్‌హాట్ దగ్గర రాత్రిపూట గూడ్సు రైలు గుద్ది ఏడు ఏనుగులు చనిపోయాయి. అందుకే చీకట్లో అడవి దాటే పని పూర్తిగా మానేశాం. సిలిగురిలో పడుకుని, పొద్దున్నే బయల్దేరతాం. వీలున్న బ్యాచ్‌లకి అలీపుర్‌దువార్ దాకా పగలు వెళ్లే విస్టాడోమ్ బోగీలో టికెట్లు తీస్తాం. తీస్తా వంతెన, అడవులు, టీ తోటలు అన్నీ అద్దాల్లోంచి కనబడతాయి.

మిగతా పెంపు హోమ్‌స్టేలకి, లోకల్ గైడ్‌లకి. వాళ్లతో బేరాలాడి మీకు తగ్గించి చూపించడం నాకు ఇష్టం లేదు. భోజనం అన్నం, పప్పు, ఢేకీ శాక్ అనే ఆకుకూర, దొరికిన రోజు తీస్తాలో పట్టిన బొరోలీ చేప. ఆవకాయ, కందిపొడి మేం వెంట తెస్తాం. కానీ వాళ్లు వండినది ముందు రుచి చూడండి.

టోటోపాడా గురించి ఎక్కువమంది బాధపడ్డారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మాదారిహాట్ దాటి, రాళ్ల నదులు రెండు మూడు దాటి వెళ్తే భూటాన్ సరిహద్దులో ఉన్న ఊరది. టోటో తెగవాళ్లు ప్రపంచంలో మొత్తం పదహారు వందల మంది దాకా ఉంటారేమో, అందరి ఊరూ అదే. వక్క తోటలు పెంచుకుంటారు. వాళ్ల భాషకి లిపి తయారుచేసిన ధనీరామ్ టోటోకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ లిపి 2021లోనే యూనికోడ్‌లో చేరింది. ఇంత చిన్న సమాజం తన భాష కోసం ఇంత పని చేసుకుంది.

అలాంటి ఊళ్లో మన బండి రెండు గంటలు ఆగుతుంది. దిగినవాళ్లు గుమ్మాల ముందు నిలబడి ఫొటోలు తీస్తారు. అరకులో థింసా వేసినట్టు ఇక్కడ డాన్సు ఉండదా అని అడుగుతారు. అడిగినవాళ్ల మీద నాకు కోపం లేదు, రెండు గంటల్లో అంతకంటే ఏం చేయగలరు? అందుకే ఆ స్టాప్ తీసేశాను. నిజంగా ఆసక్తి ఉన్న ఆరుగురు దాకా కలిస్తే, ఊళ్లోవాళ్లు రమ్మన్న రోజుల్లోనే, అక్కడే రాత్రి ఉండేలా వేరే ఏర్పాటు చేస్తాం. డాన్సు మాత్రం ఉండదు.

టీ తోటల్లో కూడా ఇదే మాట. అక్కడ ఆకు కోసేవాళ్లలో చాలామంది పూర్వీకుల్ని పంతొమ్మిదో శతాబ్దంలో ఛోటానాగ్‌పూర్ నుంచి పనికి తెచ్చారు. ఓరావ్, ముండా, సంతాల్ కుటుంబాలు. ఆకు తూకానికి లెక్క ఉంటుంది. ఫొటో కోసం ఆపితే వాళ్ల కూలి పోతుంది. పని అయ్యాక సాయంత్రం పలకరించండి, సంతోషంగా మాట్లాడతారు.

జనవరి, ఫిబ్రవరి, మార్చి బ్యాచ్‌లకి పేర్లు తీసుకుంటున్నాం. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి అడ్వాన్స్ అంతకంటే ముందే కావాలి. సఫారీ ఏ కారణంతో ఆగినా ఆ డబ్బు మీకు తిరిగి ఇచ్చేస్తాం. ఇప్పటికే దసరాకి అడ్వాన్స్ కట్టినవాళ్లు వేరే నెలకి మారవచ్చు, వద్దంటే మొత్తం వెనక్కి తీసుకోవచ్చు.

బక్సా కోటకి మాత్రం కొండ ఎక్కి నడవాలి. బ్రిటిష్‌వాళ్లు స్వాతంత్ర్య యోధుల్ని బంధించిన చోటు, 1959 తర్వాత టిబెట్ నుంచి వచ్చిన బౌద్ధ భిక్షువులు తలదాచుకున్న చోటు. మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవాళ్లు పేరు ఇచ్చేటప్పుడే చెప్పండి. ఆ పూట వాళ్లని కింద జయంతి నది ఒడ్డున ఉంచి, తోడుగా మా మనిషిని పెడతాం.