చిట్టి గూడూరు వెళ్తోంది

వేదాయపాళెం,
శుక్రవారం రాత్రి

చిరంజీవి వంశీకి అమ్మ ఆశీస్సులు.

మేమంతా బాగానే ఉన్నాం. నాన్నకు మోకాలి నొప్పి కాస్త తగ్గింది. జేజికి చెవుడు ఎక్కువైంది కానీ అన్నం మాత్రం వేళకు తింటోంది. ఫోన్ చేస్తే నువ్వు "బిజీ అమ్మా, మళ్లీ చేస్తా" అని పెట్టేస్తున్నావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. శీను ఆదివారం రాత్రి బస్సుకు బయల్దేరుతున్నాడు, వాడి చేతికిస్తాను. దీంతోపాటు మామిడికాయ పచ్చడి, కందిపొడి, రెండు కిలోల మొలగొలుకుల బియ్యం పంపుతున్నాను. పచ్చడిలో తడి గరిటె పెట్టొద్దు నాయనా, పోయినసారి సీసా అంతా బూజు పట్టించావు.

నిన్ను ఏదో అడగడానికి కాదు ఈ ఉత్తరం. మన ఇంట్లో ఉంటున్న కుక్క చిట్టి సంగతి చెబుదామని. మనం సరిగా మాట్లాడుకుని ఇరవై రెండు రోజులైంది, ఈలోగా చాలా జరిగింది.

చిట్టికి ఇల్లు దొరికింది. గూడూరులో టీచర్లు, భార్యాభర్తలిద్దరూ. ఇప్పటికి మూడుసార్లు వచ్చి చూసి వెళ్లారు. కుక్కలను కాపాడే మన హారిక వాళ్లు గూడూరు వెళ్లి వాళ్ల ప్రహరీ ఎత్తు, గేటు సందులు, మేడమీద పిట్టగోడ అన్నీ చూసొచ్చారు. ఎండాకాలం సెలవుల్లో ఊళ్లకు పోతే కుక్కను ఎవరు చూస్తారు, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అద్దె ఇల్లయితే ఓనర్ ఒప్పుకున్నాడా అని ఫారంలో రెండు పేజీల ప్రశ్నలు. పెళ్లి సంబంధానికి కూడా ఇంత విచారణ మనం చేయం. వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం తీసుకెళ్తారు. నేను ఒక షరతు పెట్టాను, గొలుసుతో కట్టకూడదని. ఆ టీచరమ్మాయి నా చెయ్యి పట్టుకుని "కట్టం అత్తా" అంది.

నువ్వు చిట్టిని వీడియోలోనే చూశావు. అది వచ్చిన రోజు ఎలా ఉందో నీకు చెప్పలేదు, దూరంగా ఉన్నావు, బాధపడతావని. ఇప్పుడు చెబుతాను.

బుజబుజ నెల్లూరు దగ్గర హైవే పక్కన మూతపడిన రొయ్యల మేత గోడౌన్ ఒకటుంది. వాచ్‌మన్ ఊరొదిలి పోతూ కుక్కను అక్కడే కట్టేసి పోయాడు. ఎన్నాళ్లుందో ఎవరికీ తెలియదు. పక్కన టీ అంగడి వాళ్లు అప్పుడప్పుడు బన్ను విసిరేవాళ్లట. హారిక, దాని స్నేహితులు ఆగస్టు మొదటి వారంలో తీసుకొచ్చేసరికి గొలుసు మెడ చర్మంలోకి దిగిపోయి పుండు పడింది, పురుగులు కూడా పట్టాయి. ఒళ్లంతా గజ్జి. చెవుల నిండా పిడుదులు. పశువుల డాక్టరు తూకం వేస్తే తొమ్మిది కిలోలు. దాని ఎముకకు పదహారైనా ఉండాలన్నారు. పళ్లు చూసి నాలుగేళ్లు ఉంటాయన్నారు. ఆ వాచ్‌మన్ మీద కేసు పెట్టమని నేను పోరాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం అలా పొట్టి గొలుసుతో రోజుల తరబడి కట్టేయడం నేరమే. కానీ మొదటిసారి చేసిన తప్పుకు జరిమానా యాభై రూపాయలు దాటదట. యాభై రూపాయలు! ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

"పూర్తిగా పెంచుకోమని కాదత్తా, మనుషులంటే భయం పోయి, ఒళ్లు కోలుకుని, ఎవరైనా తీసుకెళ్లేదాకా ఇంట్లో ఉంచుకోవాలి, దాన్నే ఫోస్టర్ అంటారు" అంది హారిక. మీ నాన్న వద్దన్నారు. ఇంట్లోకి ఇంకో ప్రాణి రాకూడదన్నారు. అయినా తెచ్చాం. ముందు మేమిద్దరం ముందుజాగ్రత్త రేబీస్ సూదులు వేయించుకున్నాం. నువ్వు కూడా జాగ్రత్త, రాత్రిపూట బైకు మీద తిరుగుతావు. వీధికుక్క పన్ను తగిలినా, గోరు గీరినా, పసుపూ సున్నం పూయకుండా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లు. రక్తం రాలేదు కదా అని ఊరుకోవద్దు. మొదలుపెట్టిన సూదులు మధ్యలో మానొద్దు. ఆ జబ్బు బయటపడ్డాక ఇక మందు లేదు.

చిట్టి తొమ్మిది రోజులు నీ మంచం కింద నుంచి బయటికి రాలేదు. గిన్నె పెట్టి మేం తలుపు దగ్గరికి వేస్తేనే తినేది, అదీ అర్ధరాత్రి. పాపం ఆకలితో ఉంది కదా అని నేను మొదటి రోజే గిన్నెడు కోడికూర అన్నం కలిపాను. హారిక చూసి ఆపేసింది. అన్నాళ్లు పస్తున్న ప్రాణికి ఒక్కసారే కడుపు నిండా పెడితే లోపల తట్టుకోలేక ప్రాణం మీదికి వస్తుందట. రోజుకు నాలుగుసార్లు, పిడికెడు పిడికెడు. ఉడికించిన కోడి ముక్క, గుమ్మడికాయ, మెత్తటి అన్నం. ఉల్లిపాయ, వెల్లుల్లి తగలకూడదు, కుక్క రక్తానికి చేటు. మన ఇంట్లో అవి లేని కూర ఏముంది చెప్పు, దానికి వేరే పొయ్యి పెట్టాను. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా తక్కువ వచ్చాయి, పిడుదుల జ్వరం అన్నారు. డాక్సీసైక్లిన్ మాత్ర 28 రోజులు వేయాలి. నేను పెరుగన్నంలో దాచి పెట్టేదాన్ని. పెరుగు, పాలు ఆ మందును సరిగా ఒంటికి పట్టనివ్వవని డాక్టరు చెప్పాక కోడి ముక్కలో పెట్టాను. నీకు జ్వరం వస్తే డాక్టరు ఏ మాత్ర ఇచ్చినా దేంతో వేసుకోవాలో అడుగు. ఊరికే టీతో మింగేస్తావు నువ్వు.

అసలు తింటున్నావా? కావలి చిన్నమ్మ ఫోటో చూసి వంశీ చిక్కిపోయాడు అంది. ఏ ఫోటోనో నాకు చూపించలేదు.

చీపురు తీస్తే చిట్టి ఒంటికి పోసేసేది. గేటు గొలుసు గలగలమంటే వణికిపోయేది. ఒకరోజు పొద్దున లేచి చూస్తే మీ నాన్న గేటుకు గొలుసు తీసేసి కొబ్బరితాడు కడుతున్నారు. నాకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడో వారంలో అది మంచం కింద నుంచి ముక్కు బయటపెట్టి, పేపరు చదువుకుంటున్న ఆయన కాలి బొటనవేలు వాసన చూసింది. ఆయన కాలు కదల్చకుండా గంట కూర్చున్నారు, ఆ మోకాలి నొప్పితో. రెస్క్యూ పిల్లలు ఒక లెక్క చెబుతారు. కొత్త ఇంట్లో భయం కాస్త తగ్గడానికి మూడు రోజులు, అలవాట్లు పట్టుబడటానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. చిట్టికి అంతకంటే ఎక్కువే పట్టింది.

ఇప్పుడు ఇంకో సంగతి. ఇదీ నీకు చెప్పలేదు. దీపావళికి రెండు రోజుల ముందు చిట్టి తప్పిపోయింది.

గ్యాస్ సిలిండర్ తెచ్చిన అబ్బాయి గేటు వేయడం మర్చిపోయాడు. అదే సమయానికి ఎదురింటి పిల్లలు లక్ష్మీబాంబు పేల్చారు. నేను వంటింట్లో నుంచి పరిగెత్తుకొచ్చేసరికి వీధి మలుపులో తోక కనిపించింది, అంతే. ఆ రోజంతా తిరిగాం. రైల్వే గేటు దాకా, సంత దాకా. మీ నాన్న చెప్పులు తెగితే వట్టి కాళ్లతో నడిచారు. రాత్రి హారిక వాళ్లు ఫోటో కాగితాలు అంటించారు. నేను వరండాలో దీపం ఆర్పకుండా, గేటు తీసి కూర్చున్నాను. రాలేదు. రెండో రోజు పొద్దున హైవే మీద లారీ కింద ఏదో కుక్క పడిందని ఎవరో ఫోన్ చేశారు. మీ నాన్న వెళ్లి చూసొచ్చారు. అది కాదు. కానీ ఆయన వచ్చి చాలాసేపు మాట్లాడలేదు.

మధ్యాహ్నం నాకెందుకో ఆ గోడౌన్ గుర్తొచ్చింది. "కట్టేసి చంపబోయిన చోటికి ఎవరైనా పోతారా?" అన్నారు మీ నాన్న. హారిక మాత్రం, "పోతాయత్తా, ఎంత చెడ్డదైనా దానికి తెలిసిన చోటు అదే కదా" అంది. ముగ్గురం ఆటోలో వెళ్లాం. అక్కడే ఉంది వంశీ. ఆ హైవే ఎలా దాటిందో దేవుడికే తెలియాలి. తను తవ్వుకున్న పాత గుంటలో, ఆ ఇనప మేకు పక్కన ముడుచుకుని పడుకుంది. మేకుకు ఏమీ లేదు, గొలుసు ఎప్పుడో తీసేశాం. అయినా అంతకు మించి ఒక్క అడుగు కదలడం లేదు.

నేను "చిట్టీ" అని అరవబోతే హారిక నా నోరు మూసింది. పిలవొద్దు, ఎదురుగా నడవొద్దు, కళ్లలోకి చూడొద్దు, వెంటపడితే మళ్లీ హైవే ఎక్కుతుంది అంది. వాళ్లిద్దరినీ గేటు అవతల నిలబెట్టి నేను ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను. అది పడుకునే నా పాత నేత చీర తెచ్చుకున్నాను. దానికి ఇరవై అడుగుల దూరంలో చీర పరిచి, దానివైపు వీపు పెట్టి నేల మీద కూర్చున్నాను. టిఫిన్ డబ్బాలో కోడి ముక్కలు మూత తీసి పక్కన పెట్టాను. మూడున్నరకు కూర్చున్నాను. దోమలు, ఆ పాత మేత కంపు, లారీల చప్పుడు. గంటసేపు వెనక ఏ అలికిడీ లేదు. తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది, చూడలేదు. అప్పుడప్పుడు ఒక ముక్క తీసి వెనక్కి వేసేదాన్ని. నువ్వు చిన్నప్పుడు జ్వరంతో పడుకుంటే పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ ఏదో గొణుక్కునేదాన్ని కదా, అలా గొణుక్కున్నాను. ఆరు దాటాక, వెలుతురు పోయాక, ఎండుటాకులు కదిలిన చప్పుడైంది. తర్వాత చీర చెంగు మీద బరువు. గడ్డం ఆనించింది. నేను ఏడ్చాను కానీ చప్పుడు రానివ్వలేదు. ఇంకో పావుగంట ఆగి, చెయ్యి దాని ఛాతీ కిందికి పోనిచ్చి హార్నెస్, అదే ఛాతీకి కట్టే పట్టీ, తొడిగాను. ఆ రోజు నుంచి బయటికి తీసుకెళ్తే మెడ పట్టీకి ఒక తాడు, హార్నెస్‌కు ఒక తాడు, రెండూ కడుతున్నాను. ఇంటికొచ్చాక ఎందుకు పోయావని ఎవరం ఒక్క మాట అనలేదు. కాళ్లు కడిగి, అన్నం పెట్టి పడుకోబెట్టాం.

వంశీ, శీను వాళ్లమ్మతో అన్నాడట, మీ కంపెనీలో చాలామందిని తీసేశారని. నువ్వు ఆ రూము కూడా ఖాళీ చేశావని. చిన్నమ్మ నాకు చెప్పింది. శీనును తిట్టకు, వాడు మంచికే చెప్పాడు. నిజమో కాదో నేను అడగను అనుకునే ఉత్తరం మొదలుపెట్టాను, ఇక్కడిదాకా వచ్చేసరికి ఉండలేకపోతున్నాను. సంక్రాంతికి రాకపోతే సెలవు దొరకలేదేమో అనుకున్నాను.

మీ నాన్న పనిచేసే మిల్లు మూసేసిన ఏడాది నీకు నాలుగేళ్లు. రోజూ పొద్దున క్యారియర్ పట్టుకుని మీ నాన్న ఎక్కడికి వెళ్లి కూర్చునేవారో జేజి చెబితే కానీ నాకు తెలియలేదు. ఆ మూడు నెలలు నేను పక్కనే ఉండి ఆయన్ను ఒంటరిగా వదిలేశానే అని ఇప్పటికీ బాధే. ఉద్యోగం పోతే పోయింది. ఫోన్ యాప్‌లలో మాత్రం అప్పు తీసుకోవద్దు, మన వీధిలో రమణయ్య కొడుకు ఏమయ్యాడో చూశావు. పీఎఫ్ డబ్బులు తొందరపడి మొత్తం తీసేయొద్దు. ఎవరి రూములో ఉంటున్నావో వాళ్లకు బియ్యమైనా తెచ్చివ్వు, ఊరికే తినొద్దు. రాత్రిళ్లు మెలకువగా ఉండి పగలు పడుకోవద్దు. పొద్దున స్నానం చేసి, పని ఉన్నా లేకపోయినా ఉతికిన చొక్కా వేసుకో. ఇలా చెప్పుకుంటూ పోతే నీకు విసుగొస్తుంది, తెలుసు. నీకు ఇష్టమైన మాట ఏదైనా చెబుదామంటే నాకు ఇవే వస్తున్నాయి.

ఇదంతా కాకపోతే ఇంకా మంచిది, బిజీగానే ఉన్నావనుకుంటాను. ఎలాగైనా చిట్టి వెళ్లేలోగా ఒకసారి రా. పదిహేడు కిలోలైంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకాలు అన్నీ అయ్యాయి. మెడ మీద ఒక్క చోట వెంట్రుకలు రాలేదు, మిగతా ఒళ్లంతా మెరుస్తోంది. దాని గురించి టీచర్లకు ఒక కాగితం రాసిపెట్టాను, చీపురు ఎత్తి పట్టుకోవద్దని, ఉరిమినప్పుడు మంచం కింద దుప్పటి వేసి వదిలేయమని, తినేటప్పుడు పక్కన నిలబడవద్దని. నువ్వొచ్చి ఒకసారి అక్షరాలు సరిచూడు. అది వెళ్లే రోజు నేను గేటు దగ్గర నిలబడగలనో లేదో, నువ్వుంటే బాగుంటుంది. శేషాద్రి రైలుకు టికెట్ దొరకకపోతే తిరుపతి దాకా బస్సులో వచ్చి అక్కడ మారు. స్టేషన్‌కి రావడానికి నాన్న ఇప్పటికే సిద్ధంగా ఉన్నారు, తేదీ మాత్రం చెప్పు. కొరమీను దొరికితే పులుసు పెడతాను.

రాత్రిపూట చేరితే గేటు గట్టిగా తోయొద్దు. కొబ్బరితాడు ముడి లోపలివైపు, ఎడమ పక్కన ఉంటుంది, చెయ్యి పెడితే అందుతుంది. చిట్టి అరుస్తుంది. భయపడి దాన్ని పేరు పెట్టి పిలవొద్దు. సంచి కింద పెట్టి అరుగు మీద పక్కకు తిరిగి కూర్చో. కాసేపటికి అదే వస్తుంది.

మీ అమ్మ