పెద్ద బిల్డింగు గొడవ మీద మా కర్రీ పాయింటు మాట

అందరూ అడుగుతున్నదానికి ముందు జవాబు చెప్పేస్తాను. షాపు మూసేయడం లేదు, ఇప్పట్లో మారడమూ లేదు. గోంగూర పప్పు, చారు, ఆదివారం చేపల పులుసు అన్నీ మామూలే. మొన్న చెరువు గట్టు మీటింగులో నేను మైకు పట్టుకున్న వీడియో గ్రూపుల్లో తిరుగుతోందట. అది చూసి సగం మంది "అక్కా సూపర్" అంటుంటే, మిగతా సగం "అపార్టుమెంట్లు వస్తే బేరం నీకే కదా, నువ్వెందుకు అడ్డం పడుతున్నావు" అంటున్నారు. పార్సిళ్లు కడుతూ ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

సంగతేంటంటే, బెంగళూరులో బెళ్లందూరు దగ్గర మా వీధి చివర చెరువును ఆనుకుని ఉన్న ఖాళీ స్థలంలో ఒక బిల్డరు టవర్లు కడతానంటున్నాడు. అందులో కొంత భాగం మాస్టర్ ప్లాన్ ప్రకారం ఇళ్లకి కేటాయించింది కాదు. దాన్ని మార్చాలంటే పేపర్లో నోటీసు వేసి జనం అభ్యంతరాలు అడగాలి. ఆ నోటీసు వచ్చింది, గొడవ మొదలైంది.

టవర్లు వస్తే నాకు లాభమే, దాచేదేం లేదు. సాయంత్రం ఇంటికొచ్చి కూర వండే ఓపిక లేనివాళ్లు అన్ని ఫ్లాట్లలో ఎంతమంది ఉంటారో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? నా పేచీ దారి గురించి.

మా రోడ్డు మీరు చూస్తున్నదే. వాననీళ్లు పోయే రాజకాలువ మీది కల్వర్టు దగ్గర పొద్దున స్కూలు బస్సు, నీళ్ల ట్యాంకరు ఎదురుపడ్డాయంటే ఒకటి వెనక్కి పోయేదాకా స్కూటీ కూడా దూరదు. గ్యాస్ అబ్బాయి బండి మెయిన్ రోడ్డులోనే ఆపి సిలిండర్లు ఒక్కొక్కటే దొర్లించుకుంటూ తెస్తాడు. ఫైరింజన్ ఎలా వస్తుందని అడిగితే స్టేజీ మీద ఎవరూ నోరు విప్పలేదు. ముందున్న రోడ్డు వెడల్పును బట్టే ఎంత కట్టుకోవచ్చో లెక్క ఉంటుంది, అందుకే ఇప్పుడు రోడ్డు వెడల్పు చేయిస్తామంటున్నారు. చేసేది మా షాపుల వైపు. స్థలం పోయిన ఓనరుకి టీడీఆర్ కాగితం వస్తుంది, అంటే ఇంకోచోట ఎక్కువ కట్టుకునే హక్కు. దాన్ని అమ్ముకోవచ్చు కూడా. అద్దెకున్న మాకు ఏమీ రాదు. నా స్వార్థం ఉన్నది ఇక్కడే, మైకులో కూడా ఇదే చెప్పాను.

మీటింగులో ఎక్కువ అరుపులు మాత్రం చెరువు బఫర్ మీద, అంటే చెరువు చుట్టూ ఏమీ కట్టకుండా వదలాల్సిన ఖాళీ మీద. 2016లో గ్రీన్ ట్రిబ్యునల్ 75 మీటర్లు వదలమంది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది, మాస్టర్ ప్లాన్‌లోని 30 మీటర్లు మిగిలాయి. 2025 ఆగస్టులో కర్ణాటక అసెంబ్లీ పాస్ చేసిన బిల్లు చెరువు సైజును బట్టి ఇంకా తగ్గించాలంది, 10 నుంచి 25 ఎకరాల చెరువుకైతే 12 మీటర్లే. ఇది ముఖ్యం కాదనను. కానీ 2022 సెప్టెంబరులో, సాఫ్ట్‌వేర్ వాళ్లు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకి పోయిన ఆ వర్షాల్లో, మా ఫ్రీజరును ముంచిన నీళ్లు చెరువులోంచి రాలేదు. కాలువ పూడిపోయి, కల్వర్టు దగ్గర తట్టుకుని వెనక్కి తన్నిన నీళ్లవి. కాలువకీ బఫర్ ఉంది: మాస్టర్ ప్లాన్ 2015లో పెద్ద కాలువకి మధ్య నుంచి 50 మీటర్లు, తర్వాతి రకానికి 25, చిన్నదానికి 15. మాది ఏ రకమో మ్యాపు చూపించండి అంటే బిల్డరు మనుషులు రంగుల బ్రోచరు చేతిలో పెట్టారు.

ఆ బ్రోచరులో చెరువు ఒడ్డున చెక్క డెక్కు, కుర్చీలు, కాఫీ తాగుతున్న జంట. ఇప్పుడు పెద్దవాళ్లు పొద్దున వాకింగుకి గట్టెక్కే దారి సరిగ్గా అక్కడే. దారి అందరికీ ఉంటుందని నోటితో అన్నారు, అదే రాసివ్వండి అంటే "చూద్దాం మేడమ్" అన్నారు. ఈ "చూద్దాం" ఎంతమంది ఓనర్ల దగ్గర విన్నానో!

నేనిచ్చే అభ్యంతరం కాగితంలో టవర్లు వద్దని లేదు. ముందు కల్వర్టు పెద్దది చేసి కాలువ తీయించాలి, గట్టు దారి రాతలో ఉండాలి, వెడల్పులో షాపు పోయే అద్దెదారుకి ఏదో ఒకటి ఇవ్వాలి, ఆ తర్వాతే అనుమతి అని రాశాను. కన్నడలో రాసిన నమూనా కౌంటరు మీద ఉంది, చదవడం రాకపోతే తెలుగులో చెప్తాను. పీజీ హాస్టళ్ల పిల్లలు "మాకిక్కడ ఓటు లేదు కదక్కా" అంటున్నారు, అభ్యంతరానికి ఓటుతో పని లేదు నాయనా. టవర్లు రావాలనుకునేవాళ్లూ రాయండి, నేనేం అనుకోను. ఊరికి ఉన్న ఒక్క కార్పొరేషను 2025 సెప్టెంబరులో అయిదయ్యాక ఏ కాగితం ఎక్కడికో తికమకగా ఉంది, అందుకే అడ్రసు కనుక్కుని నమూనా పైనే రాసిపెట్టాం.

శుక్రవారం సాయంత్రం మళ్లీ మీటింగుంది. ఆ రోజు ఏడింటికే షట్టర్ దించేస్తాం, కూరలు కావలసినవాళ్లు మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పండి, కట్టి పక్కన పెడతాను.