మన జాజ్ శ్రోతల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు ఏప్రిల్ నుంచి ఈ మార్చి దాకా జరిగిన పనుల నివేదిక ఇది. కార్యదర్శి నివేదిక వింటుంటే హాజరు పట్టీ చదివినట్టే ఉంటుందని పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన అన్నారు. అందుకే హాజరు, తీర్మానాలు మినిట్స్ పుస్తకానికే వదిలేసి, ఏడాది పొడవునా మనం గొంతులు పెంచి వాదించుకున్న సంగతుల గురించే ఎక్కువ రాస్తున్నాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక మాట. మనం పోగుచేసేవి ప్రధానంగా 1950, 60ల నాటి జాజ్ ఆల్బమ్‌లు. అదీ అప్పటి అచ్చులు కాదు, వాటి ధర మన అందుబాటులో లేదు. తర్వాతి కాలంలో బోనస్ ట్రాకులు కలిపి మళ్ళీ విడుదల చేసిన సీడీలు, ఎల్పీలు కొంటాం. ఎల్పీ ఒక్కో వైపు ఇరవై నిమిషాల పైచిలుకే పడుతుంది. అందుకని ఆ రోజుల్లో నిర్మాతలు కొన్ని పాటల్ని పక్కన పెట్టేవారు, కొన్నిటిని కత్తిరించేవారు. ఒకే పాటను నాలుగైదుసార్లు వాయించి నచ్చిన టేకు ఉంచుకుని మిగతావి అటక మీద పడేసేవారు. 1982లో సీడీ వచ్చాక ఒకే బిళ్ళ మీద 74 నిమిషాల చోటు దొరికింది. ఆ చోటు నింపడానికి అటక మీదివన్నీ కిందికి దిగాయి.

నెలవారీ సభలు ఎప్పటిలాగే అనంతపురం కమలానగర్‌లో మన సభ్యుడి ఇంటి మేడగదిలో జరిగాయి. మే నెల సభను ఎండల వల్ల రాత్రికి మార్చాం. అయినా ఫ్యాన్ తిరిగే చప్పుడుకీ డ్రమ్ము మీద బ్రష్ రాసే చప్పుడుకీ తేడా తెలియక సగంలోనే ఆపేశాం. ఇకమీదట మే నెలలో సభ వద్దని కార్యవర్గం నిర్ణయించింది.

ఏడాది మొదట్లోనే వచ్చిన గొడవ, సభలో బోనస్ ట్రాకులు వినిపించాలా వద్దా అన్నది. తొలినాటి సీడీల్లో కొన్నిటిలో ఎంచుకున్న టేకు అయిన వెంటనే, వదిలేసిన టేకును కూడా పెట్టేవారు. పరిశోధన చేసేవాళ్ళకు బాగుంటుందేమో గానీ, ఆల్బమ్ వినడానికి కూర్చున్నవాడికి అదే పాట వెంటనే మళ్ళీ మొదలైతే విసుగొస్తుంది. ఆల్బమ్‌కు ఒక వరుస ఉంది. ఆ వరుసను నిర్ణయించినవాళ్ళు బుర్ర పెట్టే నిర్ణయించారు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: ముందు అసలు ఆల్బమ్ మొదటినుంచి చివరిదాకా వింటాం. తర్వాత టీ, ఉగ్గాని, బజ్జీ. ఆ తర్వాత ఉండదలచినవాళ్ళు ఉండి బోనస్ వింటారు. బజ్జీలయ్యాక ఎందరు మిగులుతున్నారో మీకూ తెలుసు కాబట్టి ఆ లెక్క రాయడం లేదు.

ఆగస్టు సభ గురించి కాస్త వివరంగా రాయాలి, ఎందుకంటే కొనుగోళ్ళ విషయంలో మన పద్ధతి మారింది ఆ రోజే. అమెరికా ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ది ఆ నెల వంతు. న్యూయార్క్‌లో కొలంబియా రికార్డుల కంపెనీవాళ్ళ 30వ వీధి స్టూడియోలో 1959 మార్చి 2న, ఏప్రిల్ 22న దాన్ని రికార్డు చేశారు. మార్చి 2న వాడిన టేపు మెషీన్ కాస్త నిదానంగా తిరిగింది. నిదానంగా తిరిగే టేపు మీద ఎక్కిన సంగీతాన్ని మామూలు వేగంతో మోగిస్తే శ్రుతి పెరుగుతుంది. దాంతో మొదటి వైపున్న మూడు ట్రాకులనూ లోకమంతా ముప్పై ఏళ్ళకు పైగా పెరిగిన శ్రుతిలోనే విన్నది. అదే రోజు పక్కన నడిచిన రెండో మెషీన్ టేపు సరైన వేగంతో ఉంది. 1992లో దాని నుంచి తీసి సరిచేశారు.

ఈ సంగతి చెప్పగానే మనలో వయొలిన్ మాస్టారుగారు నమ్మలేదు. ‘మీ టర్న్‌టేబుల్ వేగమే తేడాగా ఉందేమో, పాపం ఆయన్నెందుకు అంటారు’ అన్నారు. తేల్చింది కూడా ఆయనే. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెప్పించి, ముందు పాత ఎల్పీ రెండో వైపు పెట్టించారు. అది ఏప్రిల్‌లో రికార్డు చేసిన వైపు. శ్రుతిపెట్టెను అయిదు శ్రుతిలో పెడితే ‘ఆల్ బ్లూస్’ సరిగ్గా కలిసింది. అంటే టర్న్‌టేబుల్ వేగం సరిగానే ఉన్నట్టు. తర్వాత రికార్డు తిప్పి ‘సో వాట్’ పెట్టి, శ్రుతిపెట్టెను రెండు శ్రుతికి మార్చారు. బేస్ మొదలవగానే మాస్టారు మొహం చిట్లించారు. చిన్న మరను మెల్లగా పైకి తిప్పుతూ పోతే ఎక్కడో కలిసింది. ఆ తర్వాత సరిచేసిన సీడీ పెడితే మరను మళ్ళీ మామూలు చోటికి తీసుకురావలసి వచ్చింది. ‘ఇది మన ఖరహరప్రియ స్వరాలే కదా, ఇన్నేళ్ళూ అపశ్రుతిలో విన్నామా’ అని ఆయన నొచ్చుకున్నారు. అపశ్రుతి అనడం కొంచెం ఎక్కువే. వాద్యాలన్నీ కలిసే పెరిగాయి కనుక ఒకదానితో ఒకటి పొత్తుగానే ఉన్నాయి. కానీ ఆ రికార్డుతో కలిసి వాయించి నేర్చుకుందామని కూర్చున్నవాళ్ళందరూ తమ వాద్యాన్ని దానికోసం మార్చుకోవలసి వచ్చేది.

1997 సీడీలో ‘ఫ్లమెంకో స్కెచెస్’ వదిలేసిన టేకును బోనస్‌గా ఇచ్చారు. దానికి ముందే రాసిపెట్టుకున్న బాణీ లేదు. అయిదు స్వర సముదాయాలు వరుసగా వస్తాయి, ఒక్కో దానిలో ఎంతసేపు ఉండాలో వాయించేవాడి ఇష్టం. కాబట్టి రెండో టేకు నిజంగానే ఇంకో పాటలా ఉంటుంది. బాగుంది. అయినా నన్నడిగితే, ఆ బోనస్ లేకపోయినా శ్రుతి సరిచేసినందుకే ఆ సీడీ కొనాలి. శ్రుతి సరిచేయకుండా బోనస్ మాత్రమే అంటించి ఉంటే మన డబ్బు పెట్టక్కర్లేదు. ఆ రోజు నుంచి కొనుగోళ్ళ ఉపసంఘం ఇదే కొలత పెట్టుకుంది: ఏం కలిపారన్నది తర్వాత, ఉన్నదాన్ని ఏం బాగుచేశారో ముందు చూస్తాం. ఇంట్లో ‘అదే పాట మూడోసారి ఎందుకండీ’ అని అడిగితే జవాబు చెప్పడానికి కూడా ఈ కొలత పనికొస్తోందని కొందరు సభ్యులు తెలియజేశారు.

ఈ కొలతకు నూటికి నూరుపాళ్ళు నిలబడింది అమెరికాలోని న్యూపోర్ట్ జాజ్ ఉత్సవంలో డ్యూక్ ఎలింగ్టన్ బృందం చేసిన కచేరీ. 1956 జూలై 7 రాత్రి ఆ బృందంలోని సాక్సొఫోన్ వాద్యకారుడు పాల్ గొన్సాల్వెస్ ఒకే పాటలో 27 ఆవృత్తాలు ఏకబిగిన వాయించి జనాన్ని కుర్చీల మీంచి లేపాడు. చిక్కేమిటంటే, ఆయన కొలంబియావాళ్ళ మైకు ముందు కాకుండా వాయిస్ ఆఫ్ అమెరికా రేడియోవాళ్ళ మైకు ముందు నిలబడ్డాడు. కొలంబియా టేపులో ఆయన ఎక్కడో దూరంగా వినిపిస్తాడు. పైగా అప్పటి ఎల్పీలో చాలా భాగం తర్వాత స్టూడియోలో వాయించి, చప్పట్లు అతికించినదే. రేడియోవాళ్ళ టేపులు 1990ల్లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికాయి. రెండు సంస్థల మోనో టేపులనూ జతపరిచి, ఒకటి ఎడమకూ ఇంకొకటి కుడికీ పెట్టి, 1999లో రెండు సీడీలుగా తెచ్చారు. అసలు కచేరీ అప్పుడు తెలిసింది. మన సభలో ఇది విన్నాక ఎవరూ బజ్జీల కోసం లేవలేదు, అది మాత్రం రాసితీరాలి. పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్, సాక్సొఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ కలిసి 1957లో కార్నెగీ హాల్లో వాయించిన కచేరీ టేపు కూడా 2005లో అదే లైబ్రరీలో బయటపడింది. అదీ వాయిస్ ఆఫ్ అమెరికా రికార్డు చేసినదే. దాని సీడీ ఇప్పుడు మన అలమరాలో ఉంది.

పియానో వాద్యకారుడు బిల్ ఎవన్స్ త్రయం న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో 1961 జూన్ 25న వాయించినదంతా మూడు సీడీల పెట్టెగా 2005లో వచ్చింది. అందులో మొదటి పాట మధ్యలో కరెంటు పోయి తెగిపోతుంది. ఆ టేకును అలాగే ఉంచారు. అది వినగానే మేడగది అంతా నవ్వులే, కరెంటు కోత మనకు చుట్టమే కదా. ఆ కచేరీ అయిన 11 రోజులకే బేస్ వాద్యకారుడు స్కాట్ లఫారో 25 ఏళ్ళ వయసులో కారు ప్రమాదంలో పోయాడు. ఆ త్రయం మళ్ళీ రికార్డు చేసే అవకాశమే లేకపోయింది. ఇలాంటి చోట మన కొలత పనిచేయదని ఒప్పుకుంటున్నాను. తెగిన టేకు కూడా కావాలి.

బేస్ వాద్యకారుడు చార్లెస్ మింగస్ ‘మింగస్ ఆ ఉమ్’ సీడీ తీసుకున్నాం. 1959 ఎల్పీ కోసం కత్తిరించిన భాగాలను అందులో తిరిగి కలిపారు. రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ తాను రికార్డు చేసిన బ్లూ నోట్ కంపెనీ ఆల్బమ్‌లను 1999 నుంచి తానే మళ్ళీ మాస్టరింగ్ (అచ్చుకు ముందు శబ్దాన్ని సరిదిద్దే పని) చేసిన వరుసలో కూడా కొన్ని కొన్నాం. కళ్ళ పరీక్షలు చేసే వృత్తిలో ఉంటూ, 1959 దాకా తల్లిదండ్రుల ఇంటి ముందుగదిలోనే ఈ ఆల్బమ్‌లను రికార్డు చేసిన మనిషి ఆయన. ఆయన మాస్టరింగ్ చేసిన సీడీల్లో శబ్దం గట్టిగా, ముందుకు తోసినట్టుగా ఉందని మనలో సగంమంది అభిప్రాయం. నాదీ అదే.

జపాన్ ముద్రణల గురించి చాలామంది అడిగారు. అక్కడ దేశీయ సీడీల ధర ఎక్కువ. జనం చవగ్గా దిగుమతి సరుకు కొనకుండా ఉండేందుకు ఒకటి రెండు బోనస్ ట్రాకులు అదనంగా వేస్తుంటారు. ఆ ఒక్క ట్రాకు కోసం కస్టమ్స్ సుంకం కూడా కట్టడం సంఘం డబ్బుతో కుదరదు. సొంత డబ్బుతో కొని సభకు తెచ్చేవాళ్ళకు స్వాగతం. ఇదే సందర్భంలో ఒక ఫిర్యాదు. విదేశాల్లోని ఒక అమ్మకందారు దగ్గర బోనస్ డిస్కుతో సహా అని చూసి తెప్పించిన పెట్టెలో బోనస్ డిస్కే లేదు. అడిగితే, ఫొటో నమూనా మాత్రమే అన్నారు. పెద్ద ఉత్తర ప్రత్యుత్తరాల తర్వాత సగం డబ్బు వెనక్కి వచ్చింది. ఇకమీదట అసలు వస్తువు ఫొటో, డిస్కు లోపలి అంచున ఉండే నంబరు పంపించాకే డబ్బు కడతాం.

బహిరంగ సభ పెట్టి ఈ సంగీతం వినిపిద్దామన్న ఆలోచన మీద మన వకీలు సభ్యుడు మంచి సలహా ఇచ్చారు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు ఉంటుంది. 1959లో విడుదలైన రికార్డింగుకు 2019తో గడువు అయిపోయింది. కానీ 1997లో మొదటిసారి బయటికొచ్చిన బోనస్ టేకుకు లెక్క అప్పటినుంచే మొదలవుతుంది కాబట్టి 2057 దాకా హక్కు ఉన్నట్టే. ఒకే రోజు, ఒకే గదిలో వాయించిన రెండు టేకుల సంగతి ఇది. బాణీ మీద స్వరకర్త హక్కు మళ్ళీ వేరే. మైల్స్ డేవిస్ 1991లో చనిపోయారు, ఆ హక్కు ఇంకా చాలాకాలం ఉంటుంది. కనుక లైసెన్సు సంగతి తేలేదాకా ఇంటి సభలే మేలని కార్యవర్గం అనుకుంది.

నవంబరులో కెనడా ట్రంపెట్ విద్వాంసుడు మేనార్డ్ ఫెర్గ్యూసన్ మీద ఒక సాయంత్రం పెట్టాం. ఆయన మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో కొంతకాలం పాఠాలు చెప్పారు, పుట్టపర్తి సత్యసాయిబాబాను గురువుగా భావించారు. జాజ్‌కూ మన సీమకూ సంబంధమేమిటని అడిగేవాళ్ళకు చెప్పడానికి ఇంతకంటే దగ్గరి పేరు లేదు. డిసెంబరులో డేవ్ బ్రూబెక్ ‘టేక్ ఫైవ్’కు మన మృదంగం కుర్రాడు ఖండచాపు వేయబోయాడు. రెండిటి లెక్కా అయిదే. మనది రెండు, మూడుగా విరుగుతుంది, వాళ్ళది మూడు, రెండుగా. రెండు చుట్లు తడబడి తర్వాత దారిలో పడ్డాడు.

నిర్వహణ విషయాలు. అనంతపురం దుమ్ముకు సూది తొందరగా పాడవుతోంది, ఈ ఏడాది కొత్తది వేయించాం. ఎల్పీలను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టండి. ఎండలో ఆపిన కారులో ఒక సభ్యుడు వదిలేసిన రికార్డు గిన్నెలా వంగిపోయింది. అది సంఘానిది కాదు కాబట్టి సరిపోయింది.

చందా పెంచడం లేదు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంచుతారు. వచ్చే ఏడాదికి కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’ 2002 నాటి రెండు సీడీల కూర్పు కొనాలన్న ప్రతిపాదన ఉంది. ఫ్రాన్స్‌లో 1965లో చేసిన కచేరీ అందులో ఉంది. మన కొలత ప్రకారం దాన్ని ఎలా లెక్కించాలో ఉపసంఘంలో ఏకాభిప్రాయం లేదు, సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. ఈలోగా లైబ్రరీ సీడీలు తీసుకెళ్ళినవాళ్ళు లోపలి పుస్తకంతో సహా తిరిగి ఇవ్వగలరు. ఎలింగ్టన్ రెండో డిస్కు ఎవరి దగ్గరుందో దయచేసి చూసుకోండి.

ఇట్లు,
కార్యదర్శి