విదేశీ కోచ్ పక్క కుర్చీలో ఎవరు?

గౌరవనీయులైన కేంద్ర యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ మంత్రి గారికి,

జిల్లాల్లో పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే కోచ్‌లం రాస్తున్న లేఖ ఇది. సెర్బియా కోచ్‌లు మనకు కొత్త కాదు. 2009లో ఇరాన్‌ను ఆసియా చాంపియన్‌ను చేసిన వెసెలిన్ మాటిచ్ తర్వాతి కాలంలో మన పురుషుల జట్టుకూ కోచ్‌గా వచ్చారు. మళ్లీ అక్కడి నుంచి ఎవరినైనా తెచ్చే ఆలోచన ఉంటే, జీతం ఫైలు తెరిచే ముందు సెర్బియాకే చెందిన కోచ్ జెల్కో ఒబ్రదోవిచ్ కెరీర్ ఒకసారి చూడమని మనవి.

ఆయన 1960లో చాచక్‌లో పుట్టారు. 1990లో ప్రపంచ విజేత అయిన యుగోస్లావియా జట్టులో ఆటగాడు. మరుసటి వేసవిలో, 31 ఏళ్లకే ఆట మానేసి నేరుగా పార్టిజాన్ బెల్‌గ్రేడ్‌కు హెడ్ కోచ్ అయ్యారు. అంతకుముందు అసిస్టెంటుగా కూడా చేసింది లేదు. అయినా క్లబ్బు ఆయన్ని ఒంటరిగా వదల్లేదు. ఇటలీలోని వరేసే జట్టుతో మూడుసార్లు యూరప్ కప్పు (యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ, ఇప్పటి యూరోలీగ్) గెలిచిన, అందరూ 'ప్రొఫెసర్' అని పిలిచే అలెగ్జాండర్ నికోలిచ్‌ను సలహాదారుగా పక్కన పెట్టింది. యుగోస్లావియా యుద్ధం వల్ల సొంతగడ్డ మ్యాచ్‌లు కూడా దాదాపు అన్నీ స్పెయిన్‌లోని ఫుయెన్‌లబ్రాడాలో ఆడిన ఆ కుర్ర జట్టు, అదే కప్పు 1992 ఇస్తాంబుల్ ఫైనల్లో తమ ఆటగాడు జోర్జెవిచ్ చివరి క్షణాల్లో వేసిన త్రీపాయింటర్‌తో స్పెయిన్ క్లబ్బు బదలోనాను 71-70తో ఓడించింది. తమాషా ఏమిటంటే, ఓడిన బదలోనాయే ఆయన్ని పిలిపించుకుని 1994లో అదే కప్పు ఎత్తింది. తర్వాత రియల్ మాడ్రిడ్‌తో ఒకటి, పనథినాయికోస్‌తో ఐదు, 2017లో ఫెనర్‌బాచెతో ఒకటి. మొత్తం తొమ్మిది.

తన పక్క కుర్చీని ఆయనెలా వాడారన్నది మాకు కప్పుల కంటే ముఖ్యం. పనథినాయికోస్‌లో 13 ఏళ్లు అసిస్టెంటుగా ఉన్న దిమిత్రిస్ ఇతూదిస్, ఆ తర్వాత మాస్కో సీఎస్‌కేఏతో 2016, 2019ల్లో యూరోలీగ్ గెలిచారు.

ఇప్పుడు మన దగ్గరి సంగతి. పన్నెండేళ్ల పిల్లాడికి 5వ నంబరు బంతి, 2.60 మీటర్ల రింగు ఉండాలి. మనం పెద్దవాళ్ల 7వ నంబరు బంతి ఇచ్చి 3.05 మీటర్ల రింగు కింద నిలబెడతాం. బలం చాలక వాడు బంతిని నడుము దగ్గర నుంచి విసురుతాడు. ఆ అలవాటు పదహారేళ్లకూ పోదు. టోర్నీ గెలవాలి కాబట్టి 2-3 జోన్ (మనిషిని కాకుండా చోటును కాసే రక్షణ, ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) వేయిస్తాం. ఆ వయసులో ఎవరికీ దూరం నుంచి షాట్ పడదు గనక జోన్ గెలిపిస్తుంది కూడా! కానీ తన మనిషిని తాను కాయడం ఎవరికీ రాదు.

పెద్దయ్యాక పిక్ అండ్ రోల్ (ఒకడు అడ్డుగా నిలబడి బంతి ఉన్నవాడికి దారి చేసి, తాను రింగు వైపు పరుగెత్తే ఎత్తుగడ) దగ్గర దీని ఫలితం కనిపిస్తుంది. ఆ అడ్డు, అంటే స్క్రీన్, పెట్టేవాడిని కాసే పొడుగాటి ఆటగాడు ముందే అరిచి చెప్పాలి, రెండడుగులు బయటికొచ్చి డ్రిబ్లర్‌ను వెనక్కి నెట్టాలి. అప్పటికే అవతలి వైపు మూడోవాడు పెయింట్‌లోకి (రింగు ముందు రంగు వేసిన చోటులోకి) దిగి రింగు వైపు వచ్చేవాడిని అడ్డుకోవాలి. నాలుగోవాడు తన మనిషినీ, మూడోవాడు వదిలిన మనిషినీ ఒక్కడే చూసుకోవాలి. మూడోవాడు అర సెకను ఆలస్యమైతే రింగు దగ్గర తేలిక బాస్కెట్, నాలుగోవాడు ఆలస్యమైతే 6.60 మీటర్ల దూరంలోని కార్నర్ నుంచి ఖాళీ షాట్. దీన్ని జాతీయ శిబిరంలో మూడు వారాల్లో నేర్పడం ఒబ్రదోవిచ్ వల్ల కూడా కాదు.

అందుకే ఈసారి ఒప్పందంలో కొన్ని షరతులు చేర్చండి. విదేశీ కోచ్ పక్కన ఇద్దరు భారతీయ కోచ్‌లు కనీసం రెండేళ్లు పూర్తికాలం ఉండాలి. వారిలో ఒకరు తప్పనిసరిగా అండర్-16 స్థాయిలో పనిచేస్తున్నవారై ఉండాలి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమా ఉంటే సంతోషమే, అదొక్కటే కొలబద్ద కాకూడదు. ప్రతి ప్రాక్టీసు ప్లాను, నిమిషాల లెక్కతో సహా, రాష్ట్ర కోచ్‌లకు అందాలి. శిబిరాలు లేని నెలల్లో ఆయన ఏదో ఒక రాష్ట్రంలో వారం రోజులు పిల్లల కోచ్‌లతో కోర్టు మీద గడపాలి. అలాగే అండర్-14 పోటీల్లో జోన్ ఆపించండి, మినీ (పన్నెండేళ్ల లోపు) పిల్లలకు చిన్న బంతి, తక్కువ ఎత్తు రింగు ఇప్పించండి. ఎత్తు మార్చుకునే స్టాండ్లు జిల్లాకు రెండు చాలు.

భవదీయులు,
జిల్లా బాస్కెట్‌బాల్ కోచ్‌లు